ప్రాణహిత–గోదావరి లోయ పొరల్లో రెండు వంశాల కథ

సింగరేణి బొగ్గు పొరల పక్కనుండే షేల్ రాయి పలకలు పలకలుగా విడిపోతుంది. ఆ పలకల మధ్య అప్పుడప్పుడు నాలుక ఆకారంలో ఒక ఆకు అచ్చు బయటపడుతుంది. నడుమ లావుపాటి ఈనె, దానికి రెండు పక్కలా వల అల్లినట్టు సన్నని ఈనెలు. అది గ్లోసోప్టెరిస్. పేరుకు అర్థం నాలుక ఫెర్న్ అనే అయినా అది ఫెర్న్ కాదు, విత్తనాలు కాసే చెట్టు. ఇదే ఆకు దక్షిణాఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, దక్షిణ అమెరికాలో, చివరికి అంటార్కిటికాలో కూడా ఇదే కాలపు రాళ్లలో ఉంది. ఆ ఖండాలన్నీ ఒకప్పుడు కలిసే ఉండేవనడానికి మొదట్లో దొరికిన ఆధారాల్లో ఇదొకటి. కలిసి ఉన్న ఆ నేలకు పెట్టిన గొండ్వానా అన్న పేరు మన గోండుల నుంచి వెళ్లిందే.

బొగ్గు అడుగున ఉంటే, దాని మీద పేరుకున్న ఎర్రమట్టి రాళ్లు, ఇసుకరాళ్లు, సున్నపురాళ్లు పాత ఆదిలాబాద్ జిల్లాలోనూ, ప్రాణహిత అవతలి ఒడ్డున సిరోంచ వైపూ పరచుకుని ఉన్నాయి. భూగర్భ శాస్త్రవేత్తలు వాటికి ఊళ్ల పేర్లే పెట్టారు. కిందినుంచి పైకి చెప్పుకుంటే కుందారం, ఎర్రపల్లి, భీమారం, మలేరి, ధర్మారం, కోట. కుందారం పొరలు సుమారు 25 కోట్ల ఏళ్ల కిందటి పెర్మియన్ కాలం చివరివి. కోట పొరలు జురాసిక్ కాలానివి, 17 నుంచి 19 కోట్ల ఏళ్ల మధ్యవని అంచనా. పొరలు కాస్త వాలుగా ఉన్నాయి కాబట్టి లోయకు అడ్డంగా నడిస్తే కాలంలో నడిచినట్టే. నేల మీద బతికిన జంతువుల రికార్డు ఇంత పొడవున ఒకే లోయలో ఉన్న చోట్లు ప్రపంచంలో కొన్నే.

ఈ లోయలో రెండు వంశాలు ఎదురెదురుగా నడిచి ఒకదాన్నొకటి దాటిపోయాయి. ఒకటి క్షీరదాలకు, అంటే మనకు, మూలమైన వంశం. అడుగు పొరల్లో అక్కడి మేత జంతువులంటే ఇవే. కోట పొరలకు వచ్చేసరికి చుంచెలుకంత జీవులై మిగిలాయి. రెండోది డైనోసార్ల వంశం. అడుగున దాని జాడే లేదు, నడుమ పొరల్లో సన్నగా మొదలై, కోటకు వచ్చేసరికి లోయంతా తనదే అన్నంతగా పెరిగింది. ఈ సంగతి విడిగా ఏ ఒక్క ఎముకా చెప్పలేదు. ఏ ఎముక ఏ పొరలో ఉందో తెలిస్తేనే బయటపడుతుంది.

ఏది మిగులుతుంది, ఏది పోతుంది

బొగ్గు పొరల్లో ఆకులు కోకొల్లలు, జంతువుల ఎముకలు మాత్రం కనబడవు. ఆ రోజుల్లో జంతువులు లేవని దానికి అర్థం కాదు. బొగ్గు తయారైంది చిత్తడి నేలల్లో. అక్కడ నిలిచిన నీటిలో ప్రాణవాయువు లేదు కాబట్టి రాలిన ఆకు పూర్తిగా కుళ్లలేదు. కానీ అదే నీరు ఆకుల ఆమ్లంతో పుల్లబడి ఎముకలోని కాల్షియం ఫాస్ఫేట్‌ను కరిగించేసింది. పైనున్న ఎర్రమట్టి రాళ్లలో దీనికి సరిగ్గా విరుద్ధం జరిగింది. అవి ఏటి ఒడ్డు మైదానాలు. వానాకాలం వరద, ఎండాకాలం నెర్రెలు. గాలి తగిలి మట్టిలోని ఇనుము తుప్పుపట్టింది, రాయి ఎర్రబడింది, ఆకులు కుళ్లిపోయాయి. అయితే ఎండకాలాల్లో నేలలో సున్నం పేరుకుని గుండ్లు గుండ్లుగా గట్టిపడింది. సున్నం ఉన్న నేల ఎముకను కాపాడుతుంది.

కాబట్టి ఒక పొరలో ఒక జీవి కనబడలేదంటే, ఉండి ఉంటే ఇక్కడ మిగిలేదా అన్న ప్రశ్న ముందు వేసుకోవాలి. శిలాజాల మీద జరిగే సగం తగాదాలు ఈ ప్రశ్న వేసుకోకపోవడం వల్ల వచ్చినవే.

చచ్చిన జంతువు శిలాజం కావడం చాలా అరుదు. ఎండలో పడి ఉన్న పశువు ఎముకను చూస్తే తెలుస్తుంది. కొన్నేళ్లకే పొడవునా చీలికలు వస్తాయి, ఆ తర్వాత పైపొర పెచ్చులుగా లేస్తుంది, చివరికి పొడి అవుతుంది. అంతకంటే ముందే వరద బురద కప్పేయాలి. కప్పిన తర్వాత భూగర్భ జలం ఎముకలోని సన్నని రంధ్రాల్లో కాల్సైట్, సిలికా, ఇనుప ఆక్సైడ్ వంటివి నింపుతుంది. ఎముక రాయిగా మారిపోతుందని మామూలుగా అంటారు కానీ అది సగమే నిజం. చాలాసార్లు ఎముక ఫాస్ఫేట్ అలాగే ఉంటుంది, ఖాళీలు మాత్రమే నిండుతాయి. అందువల్లే 24 కోట్ల ఏళ్ల నాటి ఎముకను 0.03 మిల్లీమీటర్ల మందం దాకా అరగదీసి మైక్రోస్కోపు కింద పెడితే రక్తనాళాల దారులు, ఎదుగుదల ఆగిన చోట పడిన వలయాలు చెట్టు మానులో లాగే కనిపిస్తాయి. ఎర్రపల్లి పొరల్లోని వాడియాసారస్ అనే మేత జంతువు ఎముకలను ఇలా కోసి చూసే అది చిన్న వయసులో వేగంగా పెరిగేదని తేల్చారు.

కిందినుంచి పైకి

కుందారం పొరల్లో ఎక్కువగా కనిపించేవి డైసినోడాంట్‌లు. తాబేలు మూతి లాంటి కొమ్ము ముక్కు, చాలా రకాలకు రెండు కోరలు, బొద్దు శరీరం, పచ్చికూరే ఆహారం. చూడటానికి సరీసృపాల్లా ఉన్నా పుర్రెలో కంటి వెనక ఒక్కటే రంధ్రం ఉంటుంది. క్షీరదాల వంశానికి అదే గుర్తు. ఆ తర్వాత, సుమారు 25.2 కోట్ల ఏళ్ల కిందట, భూమి మీద జీవం చూసిన అతి పెద్ద వినాశనం వచ్చింది. దాన్ని దాటుకుని వచ్చిన లిస్ట్రోసారస్ అనే డైసినోడాంట్ ఎముకలు మన దేశంలో దామోదర్ లోయ పాంచెత్ పొరల్లో ఉన్నాయి. దక్షిణాఫ్రికాలోనూ, అంటార్కిటికాలోనూ అదే జంతువు ఉంది. ఆకు చెప్పిన సాక్ష్యాన్నే మళ్లీ ఒక నేలజంతువు చెప్పింది.

ఎర్రపల్లి పొరలకు వస్తే డైసినోడాంట్‌లు ఇంకా పెద్దవై ఉన్నాయి. వాడియాసారస్ ఎముకలు ఒకేచోట గుంపుగా దొరికాయి. అయితే వాటి పక్కనే కొత్తవాళ్లు కనబడతారు. వాటిలో యరసూకస్ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. పేరులోని యర అంటే ఎర్ర అనే. సూకస్ అంటే మొసలి. 2005లో పేరు పెట్టినప్పుడు దీన్ని మొసళ్ల వైపు బంధువుగా లెక్కగట్టారు. దాని చీలమండ మొసలి చీలమండలా ఉంది మరి. 2017లో టాంజానియా నుంచి టెలియోక్రేటర్ అనే జంతువు వివరాలు బయటికొచ్చాయి. దాని మెడ, తొడ ఎముకల్లో డైనోసార్–పక్షుల వంశపు గుర్తులు, చీలమండ మాత్రం మొసలిదే. అంటే మొసలి తరహా చీలమండ రెండు వంశాలకూ ఉమ్మడి తాతల నుంచి వచ్చింది, డైనోసార్లు దాన్ని తర్వాత మార్చుకున్నాయి. ఆ వెలుగులో చూస్తే యరసూకస్ కూడా అటువైపుదే అని తేలింది. పెట్టెలో ఉన్న ఎముక మారలేదు, దాని పక్కన పెట్టి చూడటానికి ఇంకో ఎముక దొరికింది. అందుకే ఒకసారి వివరించి ముగించిన శిలాజాలను పారేయకుండా మ్యూజియంలు దశాబ్దాలు దాస్తాయి.

మలేరి పొరలు ఈ లోయకు గుండెకాయ. 19వ శతాబ్దంలోనే ఇక్కడి ఎముకలు, ఊపిరి చేపల పలక పళ్లు లండన్ దాకా వెళ్లాయి. 1957లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు, దాని స్థాపకుడు మహలనోబిస్ పిలుపు మీద, లండన్ నుంచి పమేలా రాబిన్సన్ వచ్చి భూగర్భ పరిశోధనకు పునాది వేశాక అసలు తవ్వకాలు పుంజుకున్నాయి. గణాంక శాస్త్ర సంస్థకు ఎముకలతో ఏం పని అనిపించవచ్చు. శిలాజాల అధ్యయనం కొలతల మీదే నడుస్తుందని మహలనోబిస్ నమ్మారు. మలేరిలో దొరికిన క్షీరదాల దాయాది ఒకదానికి ఎక్సెరిటోడాన్ స్టాటిస్టికే అని పేరు పెట్టడం ఆ సంస్థకు గౌరవంగానే.

కింది మలేరిలో ఏరు, ఏటి ఒడ్డు మొత్తం కనిపిస్తాయి. నీటిలో చదును తల ఉభయచరం పాంతాసారస్. ఒడ్డున ముక్కు కింద వరసల కొద్దీ పళ్లున్న సరీసృపం హైపరోడపెడాన్, గట్టి మొక్కలను నలిపి తినే రకం. నీటి అంచున మాటువేసే పారసూకస్. ఈ పారసూకస్ పుర్రెను చూసిన ఎవరైనా మొసలి అంటారు. అదే పొడవు మూతి, అదే పళ్ల వరస. కానీ ముక్కు రంధ్రాలు వెతికితే తేడా తెలుస్తుంది. మొసలికి అవి మూతి కొసన ఉంటాయి. పారసూకస్‌కు బాగా వెనక్కి, కళ్లకు దగ్గరగా ఉంటాయి. మొసలి పూర్వీకులు అప్పటికి పొట్టి మూతితో నేల మీద తిరిగే సన్నని జీవులు. నీటిలో మాటువేసే బతుకు రెండు వేర్వేరు వంశాలను ఒకే ఆకారంలోకి మలిచింది, ముక్కు మాత్రం ఎవరిది ఎక్కడో అక్కడే ఉండి గుట్టు విప్పింది. పోలికను బట్టి బంధుత్వం కట్టకూడదని విద్యార్థులకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఇంకొకటి దొరకదు. మలేరిలో దొరికిన రెండు పారసూకస్ అస్థిపంజరాల పొట్ట భాగంలో మలేరిసారస్ అనే చిన్న సరీసృపం ఎముకలు కూడా ఉన్నాయి. ఎవరు ఎవరిని తిన్నారో ఇంత నేరుగా తెలియడం అపురూపం.

ఈ పొరల్లో డైనోసార్ అంటే ఆల్వాకేరియా ఒక్కటే, అదీ చిన్నది. పై మలేరికి వచ్చేసరికి హైపరోడపెడాన్‌లు లేవు. వాటి స్థానంలో నంబాలియా, జక్లపల్లిసారస్ అనే పొడుగు మెడ శాకాహార డైనోసార్లు వచ్చాయి. 2025లో ఇదే పై మలేరి నుంచి మలేరిరాప్టర్ కుట్టీ అనే వేట డైనోసార్‌ను వివరించారు. హెరెరాసార్లు అనే ఆ తొలి వేట జాతి గొండ్వానాలో హైపరోడపెడాన్‌లతోపాటే అంతరించిందనుకునేవారు. అది తర్వాత కూడా బతికిందని ఈ లోయ చూపించింది. ఆ పేరులోని కుట్టి, ఈ లోయను ఏళ్ల తరబడి నడిచి పొరల వరసను తేల్చిన టి.ఎస్. కుట్టి.

ధర్మారంలో లాంప్లూసారా వంటి శాకాహార డైనోసార్లు ఇంకా బరువెక్కాయి. కోటలో బరపాసారస్ అనే మహాకాయ డైనోసార్ నిలబడింది. పోచంపల్లి అనే ఊరి దగ్గర దొరికింది (చీరల పోచంపల్లి కాదు, గోదావరి లోయలోది). కనీసం ఆరు జంతువుల దాదాపు 300 ఎముకలు, వాటితోపాటు పెద్ద పెద్ద చెట్ల మానులు. వరద తెచ్చి పోగేసిందన్నమాట. తొడ ఎముక నిలబెడితే మనిషి ఛాతీ దాకా వస్తుంది. తవ్విన కాలం రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి కావడంతో పూర్తి పేరు బరపాసారస్ టాగోరీ అయింది, బర పా అంటే బెంగాలీలో పెద్ద కాలు. జీఎస్‌ఐకి (జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు) చెందిన పి. యాదగిరి 1988లో పేరు పెట్టిన కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్‌ది ఇంకా పెద్ద గుట్ట. యామన్‌పల్లి దగ్గర 12 జంతువులవి 840 ఎముకలు. హైదరాబాద్ నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టింది దీన్నే.

ఆ అస్థిపంజరం ముందు నిలబడేవారు రెండు చోట్ల చూడాలి. ఒకటి తల. అది అసలుది కాదు, కల్పించి పెట్టింది. కోటాసారస్‌కూ బరపాసారస్‌కూ పళ్లు దొరికాయి గానీ పుర్రె దొరకలేదు. ఈ జాతికి తల చిన్నది, పుర్రె ఎముకలు పలచన, మెడకు అతుకు బలహీనం. కళేబరం కుళ్లగానే తల ఊడి నీటితో పోతుంది, ఎనామెల్ కప్పిన పన్ను మాత్రం మిగులుతుంది. రెండోది నడుము. కటి ఎముకతో అతుక్కున్న వెన్నుపూసలను లెక్కపెట్టాలి. తొలి డైనోసార్లకు రెండు, మలేరి–ధర్మారం రకం శాకాహారులకు మూడు, బరపాసారస్‌కు నాలుగు, తర్వాతి కాలపు మహాకాయులకు ఐదు. బరువు పెరిగిన కొద్దీ కాళ్లు మోసే భారం వెన్నుకు చేరే చోట పూసలు ఒక్కొక్కటిగా కలుస్తూ వచ్చాయి. కోటాసారస్‌లో ఈ మార్పు సగంలో పట్టుబడింది. ఒళ్లు మహాకాయులది, కానీ తొడ ఎముక పైన కండరం పట్టుకునే చిన్న గుబ్బ పాత తరానిది, వెన్నుపూసలు ఇంకా సాదా. ఇటూ కాని అటూ కాని జంతువులు చూపించండి అని అడిగేవారికి చూపించాల్సింది సరిగ్గా ఇలాంటివే.

మొదటి వంశం పంటిలో

ఇదే కోట పొరల్లో మన వంశం ఏమైంది? ఆసిఫాబాద్ వైపు రెబ్బెన దగ్గరి పైకాసిగూడెం వంటి చోట్ల మట్టిని జల్లెడపడితే మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల పళ్లు దొరికాయి. కోటాథీరియం, ఇండోథీరియం, త్రిశూలోథీరియం. మూడో దాని పేరులోనే పంటి మూడు మొనలున్నాయి. ఇంత చిన్న పన్ను చూసి ఇది క్షీరదమే అని ఎలా అంటారు? సరీసృపం పన్ను సాధారణంగా ఒకే వేరుతో, మేకులా ఉంటుంది, జీవితమంతా ఊడి మొలుస్తుంటుంది. క్షీరదం దవడ పంటికి రెండు వేళ్లు, మొనల మీద అరుగుదల మచ్చలు ఉంటాయి. పైపన్ను కిందిపన్నుతో ప్రతిసారీ ఒకే చోట కలిస్తేనే ఆ మచ్చలు పడతాయి. అంటే ఆ జీవి నమిలి తినేది, పళ్లు మాటిమాటికీ మార్చుకునేది కాదు.

దవడ కథ ఇంకా స్పష్టంగా ఉంటుంది. సరీసృపం కింది దవడలో చాలా ఎముకలు ఉంటాయి. క్షీరదానిది ఒక్కటే. మిగిలినవి ఎటు పోయాయి? మలేరి ఎక్సెరిటోడాన్ దవడ చూస్తే పళ్లున్న ముందు ఎముక దాదాపు దవడంతా ఆక్రమించింది, వెనకటి ఎముకలు చిన్నవై ఒక మూలకు చేరాయి. వేల్స్‌లోనూ చైనాలోనూ దొరికిన మోర్గానుకోడాన్ అనే తొలి క్షీరదాల చుట్టంలో, దవడను పుర్రెకు కలిపే పాత కీలూ కొత్త కీలూ రెండూ పక్కపక్కనే పనిచేశాయి. ఆ తర్వాత పాత కీలు ఎముకలు దవడను వదిలి చెవిలో చేరాయి, మన చెవిలోని సుత్తి, దాగలి ఎముకలు అవే. ఇది శిలాజాలను చూసి మాత్రమే కట్టిన మాట కాదు. మనిషి పిండంలోనూ సుత్తి ఎముక దవడ మృదులాస్థి కొసనే మొదలవుతుంది. రాతిలో కోట్ల ఏళ్ల వరస, గర్భంలో కొన్ని వారాల వరస ఒకే మాట చెబుతున్నాయి.

వయసు ఎలా కడతారు, ఎక్కడ బోల్తా పడతారు

డైనోసార్ ఎముకకు కార్బన్ పరీక్ష చేయించారా అని తరచూ అడుగుతుంటారు. కార్బన్-14 ప్రతి 5,730 ఏళ్లకు సగమవుతుంది. 50,000 ఏళ్లు దాటితే కొలవడానికి ఏమీ మిగలదు. కోట్ల ఏళ్ల వయసు అగ్నిపర్వత బూడిదలోని జిర్కాన్ రేణువుల్లో యురేనియం సీసంగా మారిన పాళ్లను బట్టి తెలుస్తుంది. ప్రాణహిత లోయకున్న పెద్ద లోటు ఇదే, ఇక్కడ ఎముకల పొరల మధ్య అలాంటి బూడిద దొరకలేదు. కాబట్టి పక్కదారి పట్టాలి. కింది మలేరిలోని హైపరోడపెడాన్ అర్జెంటీనా ఇస్చిగువలాస్తో పొరల్లోనూ ఉంది. అక్కడి బూడిద 23.1 కోట్ల ఏళ్ల నాటిదని తేలింది. అందువల్ల కింది మలేరి కూడా ఇంచుమించు ఆ కాలానిదే అంటారు. ఇది అంచనాయే, నేరుగా కొలిచింది కాదు. కోట పొరలది ఇంకా చిక్కు. చేపలు తొలి జురాసిక్ అంటాయి, కొన్ని సూక్ష్మజీవుల గుల్లలు మధ్య జురాసిక్ వైపు లాగుతాయి. బరపాసారస్ వయసు పుస్తకానికో రకంగా కనిపించడానికి కారణం ఇదే.

పొరల వరస పరిణామ సిద్ధాంతానికి కఠినమైన పరీక్ష కూడా. పరిణామం తప్పని ఏది నిరూపిస్తుందని అడిగితే ప్రీకాంబ్రియన్ (సుమారు 54 కోట్ల ఏళ్లకు ముందటి) రాళ్లలో కుందేలు అని జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ జవాబిచ్చినట్టు చెప్పుకుంటారు. హాల్డేన్ 1957లో చేరింది ఆ కలకత్తా సంస్థలోనే. కోటాథీరియం హాల్డేనీ అన్న పేరు ఆయనదే. ఆయన చెప్పిన రాళ్లు కడప జిల్లాలో కావలసినన్ని ఉన్నాయి. వేంపల్లె పొరలు 188 కోట్ల ఏళ్లకంటే పాతవి. వాటిలో ఉల్లిపాయ కోసినట్టు పొరలు పొరలుగా ఉండే స్ట్రోమటోలైట్లు ఉన్నాయి. నిస్సారమైన నీటిలో సూక్ష్మజీవుల చాపలు సున్నాన్ని పోగుచేసి కట్టిన దిబ్బలవి. అక్కడ ఎముక లేదు, గుల్ల లేదు, ఆకు లేదు. సున్నపు రాయి కాబట్టి ఉండి ఉంటే మిగలాల్సిన చోటే.

తప్పులు మూడు రకాలుగా దొర్లుతాయి. మొదటిది, శిలాజం కానిదాన్ని శిలాజమనుకోవడం. నాపరాయి పగుళ్లలో ఫెర్న్ ఆకుల్లా కనిపించే నల్లటి గీతలు చాలామంది శిలాజాలని దాచుకుంటారు. అవి మాంగనీస్ ఆక్సైడ్ స్ఫటికాలు. ఈనెలకు ఒక క్రమం ఉండదు, ఒకదాని మీదుగా ఒకటి పోవు, పగులు వెంబడే పాకుతాయి. నిపుణులు కూడా జారిపడతారు. 2021లో మధ్యప్రదేశ్‌లోని భీమ్‌బేట్కా గుహ పైకప్పు మీద 55 కోట్ల ఏళ్ల నాటి డికిన్సోనియా అనే మెత్తని జీవి అచ్చు ఉందని ప్రచురించారు. మరోసారి వెళ్లి చూస్తే అది కొంత రాలిపోయి ఉంది. శిలాజం రెండేళ్లలో రాలదు. అది పెద్ద తేనెటీగల పట్టు ఆనవాలని తేలింది, మొదట ప్రచురించినవారూ ఒప్పుకున్నారు.

రెండోది, కొత్త ఎముక పాత పొరలో కలవడం. మధ్యప్రదేశ్ టికి పొరల్లో 2006లో ఒక చిన్న దవడను ప్రపంచంలోని అతి పాత బల్లుల్లో ఒకటిగా ప్రకటించారు. 2012లో తిరిగి పరిశీలిస్తే ఇప్పటి తొండ దవడకూ దానికీ తేడా కనబడలేదు. నేల మీద పడి ఉన్న ఎముక మట్టితో కలిసి వచ్చిందన్నదే సబబైన వివరణ. పైకాసిగూడెంలోని భారతగామ రెబ్బనెన్సిస్ కూడా తొండల చుట్టమే. కానీ అది ఒక్క దవడ కాదు, పదుల కొద్దీ ముక్కలు, జురాసిక్ చేపల పొలుసులతో పాటు ఒకే తీరులో ఖనిజం నిండినవి. అందుకే దాని మీద నమ్మకం నిలిచింది.

మూడోది రెండు మూడు జంతువుల ఎముకలను ఒకటిగా కలిపేయడం. ఆల్వాకేరియా పరిస్థితి అదే. తొడ ఎముక, చీలమండ డైనోసార్‌వే గానీ, దవడ, కొన్ని వెన్నుపూసలు వేరే సరీసృపాలవి అయి ఉండవచ్చని తర్వాతి పరిశీలకులు చూపించారు. ఎముకలు ఒకే చోట ఉన్నంత మాత్రాన ఒకే ఒంటివి కావు, వరద అన్నిటినీ ఒక మూలకు తోస్తుంది.

గుట్ట మీద, గదిలో

ఈ తప్పుల్లో చాలావాటికి మందు తవ్వేచోటే ఉంది. వానాకాలం తర్వాత వెళ్లాలి, కొత్తగా కోసుకుపోయిన గట్లు అప్పుడే కనబడతాయి. వాలు మీద ఎముక ముక్క దొరికితే అది అక్కడిది కాదు, పైనుంచి దొర్లింది. ముక్కలు ఆగిపోయే ఎత్తు దాకా ఎక్కితే అసలు పొర తగులుతుంది. సున్నపు గుండుకూ ఎముకకూ తేడా భూతద్దంలో విరిగిన అంచు చూస్తే తెలుస్తుంది. ఎముకైతే లోపల తేనెపట్టు లాంటి అల్లిక. పెకలించే ముందే కొలబద్ద పక్కన పెట్టి ఫోటో, జీపీఎస్ అంకెలు, పొర అడుగు నుంచి ఎత్తు, ఎముక పొరలో ఉందా నేల మీద పడి ఉందా అన్న మాట రాసుకోవాలి. ఊళ్లో ఎవరికైనా దొరికితే ఇంటికి తేవడంకంటే ఫోటో, చోటు వివరాలతో హైదరాబాద్‌లోని జీఎస్‌ఐ కార్యాలయానికి చెప్పడం మేలు. చోటు తెలియని తొడ ఎముక షోకేసుకు తప్ప పనికిరాదు.

పెద్ద ఎముకైతే చుట్టూ కందకం తీసి గద్దె మీద నిలిచినట్టు వదలాలి. పగుళ్లకు అసిటోన్‌లో పలచగా కలిపిన పారలాయిడ్ బి-72 జిగురు పూస్తారు, తర్వాత మళ్లీ అసిటోన్‌తోనే తీసేయవచ్చు. ఆ పైన తడి కాగితం పొరలు, వాటి మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచిన గోనె పట్టీలు. కాగితం మరిస్తే ప్లాస్టర్ ఎముకకే అంటుకుని విప్పేటప్పుడు పైపెచ్చును ఊడదీస్తుంది. ప్లాస్టర్ గట్టిపడ్డాక అడుగు కోసి, తిరగేసి, రెండో వైపూ అలాగే కట్టాలి.

చిన్న పళ్ల పని వేరు. మట్టిని ముందు పూర్తిగా ఆరబెట్టాలి. కొంచెం తడి ఉన్నా తర్వాతి మెట్టు పారదు. ఆరిన గడ్డలను కొన్ని గంటలు కిరసనాయిల్‌లో నానబెట్టి, నూనె వంపేసి నీళ్లు పోస్తే, నీరు కిరసనాయిల్‌ను తోసుకుంటూ చొరబడి గడ్డ దానంతటదే విచ్చుకుంటుంది. అర మిల్లీమీటరు కన్నుల జల్లెడలో నీళ్లలో కదిలించి, మిగిలినదాన్ని ఆరబెట్టి, మైక్రోస్కోపు కింద తడి కుంచె కొసతో ఒక్కొక్క రేణువు ఏరాలి. సున్నపురాయి అయితే 5 నుంచి 10 శాతం ఎసిటిక్ ఆమ్లంలో పెడతారు, కాల్సైట్ కరిగిపోయి పన్ను మిగులుతుంది. పంటి ఫాస్ఫేట్ కరగకుండా ఆమ్లంలో ముందే కొంత కాల్షియం ఫాస్ఫేట్ కలుపుతారు. ఇక్కడ తొందరపాటు ఖరీదైనది. ఆమ్లంలో ఉంచిన కాలానికి కనీసం రెండింతలు మంచినీటిలో ఉంచాలి. లేదంటే ఆరేటప్పుడు కాల్షియం ఎసిటేట్ స్ఫటికాలు రంధ్రాల్లో ఉబ్బి, కోట్ల ఏళ్లు నిలిచిన పన్నును బల్ల మీదే పగలగొడతాయి.

ఇలాంటి జల్లెడ పనే వికారాబాద్ దగ్గరి నస్కల్‌లో ఇంకో పుట తెరిచింది. అక్కడ దక్కన్ లావా పొరల మధ్య, రెండు ప్రవాహాల నడుమ ఏర్పడిన చెరువు మట్టి ఉంది. 1988లో అందులోంచి డెక్కనోలెస్టెస్ హిస్లోపీ అనే క్షీరదం పళ్లను వివరించారు, మన దేశంలో క్రెటేషియస్ కాలపు, అంటే డైనోసార్ల చివరి కాలపు, క్షీరదం అదే మొదటిది. పారసూకస్ హిస్లోపీలోనూ, ఇందులోనూ ఉన్న హిస్లాప్ ఒక్కరే, 19వ శతాబ్దంలో నాగపూర్‌లో ఉంటూ ఈ రాళ్లను వెతికిన స్టీఫెన్ హిస్లాప్. కోట పన్నుకూ నస్కల్ పన్నుకూ నడుమ 10 కోట్ల ఏళ్లకు పైగా ఖాళీ. ఆ రెండింటి మధ్య గంగాపూర్ పొరలున్నాయి, వాటిలో దొరికేవి ప్రధానంగా ఆకులు. అంత కాలం గడిచినా నస్కల్ పన్ను కూడా రెండు మిల్లీమీటర్లను మించలేదు, అప్పటికి నేల ఇంకా డైనోసార్లదే. 6.6 కోట్ల ఏళ్ల కిందట అవి పోయాక ఏమైందో చెప్పే ఎముకలు గుజరాత్‌లోని వస్తాన్ లిగ్నైట్ గనిలో ఉన్నాయి. సుమారు 5.4 కోట్ల ఏళ్ల నాటి ఆ పొరల్లో గుర్రాల, ఖడ్గమృగాల వంశానికి దగ్గరి చుట్టమైన కాంబేథీరియం దొరికింది. దాని దవడను మైక్రోస్కోపు కింద ఏరనక్కర్లేదు, చేత్తో పట్టుకోవచ్చు.